ఇంటి చూరులో కందిరీగ, మంచం సందులో నల్లి

రెండేళ్ల క్రిందట ఒక సాయంకాలం కార్యాలయం ముగిసే వేళకు ఒక ఫోను వచ్చింది. అవతలి వ్యక్తి "కందిరీగల గూడు, కందిరీగల గూడు" అని ఆదుర్దాగా చెబుతున్నాడు. ఫోను అందుకున్న ఉద్యోగికి తమిళం తప్ప మరొక భాష రాదు. ఏదో ఈగల బెడద కాబోలునని పారిశుధ్య విభాగం పేరు చెప్పి పెట్టేయబోయి, ఎందుకో మనసు మార్చుకుని నాకు అందించాడు. అతడు ప్రకాశం జిల్లా నుండి కొత్తగా వచ్చి, ఒక పాత పెంకుటింటి మేడమీది వాటా అద్దెకు తీసుకున్న మనిషి. చూరుకు పెద్ద గూడు వేలాడుతున్నదట. నేను విషయం గ్రహించి సలహా చెప్పేలోగానే, ఇంటివారెవరో కర్రకు నూనెగుడ్డ చుట్టి అంటించి గూటికి పెట్టనే పెట్టారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికీ, వాడి నాయనమ్మకూ పది పన్నెండు చోట్ల కుట్టాయి. ఇద్దరూ ఆసుపత్రిలో రెండు రోజులుండి క్షేమంగా ఇంటికి చేరారు. కానీ ఆ ఫోనులో గడచిపోయిన నాలుగైదు నిమిషాలు నాకిప్పటికీ గుర్తే. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

కనుక ముందుగా మాటల సంగతి. మదురైలో విశ్వనాథ నాయకుని పాలన మొదలైన 1529 నాటి నుండీ, అంతకు పూర్వం నుండీ కూడా, ఈ సీమలో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. కోయంబత్తూరులోని పీలమేడు వంటి పేటల్లో ఇంట తెలుగు, వీధిన తమిళం తరతరాలుగా సాగుతున్న వాడుక. వారికి ఈ పేరా అక్కరలేదు. నిన్న మొన్న పని వెతుక్కుంటూనో చదువుకోసమో వచ్చినవారు మాత్రం శ్రద్ధగా చదవవలెను. కందిరీగను తమిళంలో కుళవి అంటారు. గూటిని కూడు అంటారు. మన చెవికి కూడు అంటే అన్నమే కాబట్టి మొదట వింతగానే ఉంటుంది. ఒకసారి కుడితే ప్రాణం మీదికి తెచ్చే పెద్ద జాతి కందిరీగకు పల్లెపట్టున కదండు అని పేరు. తేనెటీగ తేనీ. కుట్టడాన్ని కొట్టడం అంటారు. "వీట్టిల పెరియ కుళవి కూడు ఇరుక్కు, కుళన్దైయై కొట్టిడుచ్చు" అన్నారంటే ఇంట్లో పెద్ద కందిరీగల గూడు ఉన్నది, బిడ్డను కుట్టింది అని అర్థం. ఈ ఒక్క వాక్యం వంటింటి గోడమీద తెలుగు లిపిలో వ్రాసి ఉంచుకున్నా తప్పులేదు. అగ్నిమాపక, రక్షణ సేవల శాఖకు 101, అన్ని అత్యవసరాలకూ 112, అంబులెన్సుకు 108. ఏ గూడు ఏ శాఖవారు తీయవలెనో మీరు తేల్చుకోనక్కరలేదు. ఫోను చేస్తే దారి వారే చూపుతారు.

అన్ని గూళ్లూ ఒకటి కావు

గూడు కనబడగానే భయపడక, దూరం నుండి దాని రూపు చూడవలెను. దానిని బట్టే మీరు చేయవలసినది నిర్ణయమవుతుంది.

గోడమూలన, తలుపు చట్రం మీద, కొన్నిసార్లు పుస్తకాల వెనుక కూడా మట్టిముద్దలాగా కనిపించే గూడు ఒంటరి కందిరీగది. సన్నని నడుముతో, నలుపూ పసుపూ కలిసిన కాళ్లతో ఇంటింటా తిరిగే ఒక జాతికి శాస్త్రజ్ఞులు మన పాత రాజధాని పేరే పెట్టారు: సెలిఫ్రాన్ మద్రాస్పటానమ్. డెన్మార్కు పండితుడు ఫాబ్రీషియస్ 1781లో చేసిన నామకరణమిది. ఆడ కందిరీగ తడిమట్టిని ఉండలుగా తెచ్చి గదులు కట్టి, సాలీళ్లను కుట్టి చచ్చుబడేటట్లు చేసి, వాటిని ఆ గదుల్లో పేర్చి, గుడ్డు పెట్టి మూసివేస్తుంది. ఆ పైన అది గూటికి కావలి కాయదు. మనిషి మీదికి రాదు. ఇంట కుళవి గూడు కడితే ఆ ఇంటి ఇల్లాలు నెల తప్పుతుందని ఈ ప్రాంతంలో పెద్దలు చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, ఆ మాట వల్ల ఎన్నో మట్టిగూళ్లు చీపురు దెబ్బ తప్పించుకున్నాయి. కొత్తగా వెల్ల వేయించేటప్పుడు అడ్డమనిపిస్తే, రంధ్రాలు పడి ఖాళీ అయిన గూటిని రేకుతో గీకి తుడిచివేయవచ్చు. అంతకు మించి చేయవలసినది లేదు.

ఈ తావున భ్రమరకీటక న్యాయాన్ని తలచుకోకుండా ఉండలేను. భ్రమరం ఒక పురుగును తెచ్చి తన గూట బంధించి ఝంకారం చేస్తూ ఉంటే, ఆ పురుగు భ్రమరాన్నే ధ్యానించి ధ్యానించి తానూ భ్రమరమైపోతుందని మన వేదాంతుల దృష్టాంతం. గొంగళిపురుగును లోనికి తీసుకుపోవడం కన్నవారు, కొన్నాళ్లకు అదే గూటినుండి కందిరీగ బయటకు రావడం కూడా కన్నవారు చేసిన ఊహ అది. పరిశీలనలో లోపం లేదు. మధ్యలో జరిగినదే కంటికి కనబడలేదు. లోపల పెట్టిన గుడ్డు పగిలి, పిల్ల ఆ గొంగళిని తిని పెరిగింది. ధ్యానం చేసినది ఎవరో గాని, భోజనం చేసినది మాత్రం కందిరీగ పిల్ల.

రెండవది కాగితపు గూడు. కట్టెను గీరి, నమిలి, లాలాజలంతో కలిపి, సన్నని కాడకు వేలాడదీసిన ఆరు మూలల గదుల గుత్తి. గదుల నోళ్లు కిందికి తెరచుకుని ఉంటాయి. పైన కప్పు ఉండదు. చూరు వాసాలలో, కిటికీ రెక్కల వెనుక, కొత్త ఫ్లాట్లలో అయితే ఏసీ యంత్రపు బయటి పెట్టె అడుగున ఇవి కనిపిస్తాయి. దక్షిణ భారతంలో విరివిగా కనబడే రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగ ఇటువంటి గూడే కడుతుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు ఈ ఒక్క జాతి సంఘజీవనాన్నే పరిశోధించారు. రాణిని తొలగిస్తే సేవకులలో ఒకటి వెంటనే దుడుకుతనం చూపి, కొద్ది రోజులలోనే తానే రాణి అయి గుడ్లు పెడుతుందని ఆయన బృందం గమనించింది. గృహస్థుకు దీనివల్ల తెలిసేదేమిటంటే, "పెద్దది ఒకటి చచ్చింది, ఇక పోతాయిలే" అనుకోవడం వట్టి భ్రమ. చలిదేశాలలో శీతాకాలం గూళ్లను తుడిచిపెడుతుంది. మన వాతావరణంలో ఆ భరోసా కూడా లేదు.

అయినా కాగితపు గూడంటే అగ్నిమాపక దళాన్ని పిలవవలసిన పనే అనుకోవద్దు. ఎవరూ తిరగని చోట, చేతికందని ఎత్తున ఉన్న చిన్న గూటిని వదిలివేయడమే మేలు. పెరటిలోని కూరపాదుల మీది గొంగళ్లను అవి రోజూ ఏరుకుపోతాయి. గుమ్మం మీద, పిల్లలు ఆడుకునే వసారాలో, ముసలివారి మంచం పైన ఉన్నదయితే తీయించక తప్పదు. ఒకటి రెండు కందిరీగలతో గూడు అప్పుడే మొదలైన దశలో ఉన్నప్పుడు, అవి లేని సమయం చూసి పొడుగు కర్రతో కాడను తెంచివేస్తే అవి వేరే చోటు చూసుకుంటాయి. కందిరీగలతో గూడు నిండిన తరువాత ఆ పని అనుభవజ్ఞులదే.

మూడవదే అసలు ప్రమాదకరమైనది. బొప్పాయి కాయంత మొదలుకుని కుండంత వరకూ పెరిగి, బూడిద గోధుమ రంగు కాగితపు పొరలతో నాలుగు వైపులా మూసుకుపోయి, ఒకే ద్వారం ఉండే గూడు. కొబ్బరి, మామిడి కొమ్మలలో, ఒక్కొక్కసారి భవనాల మూలలలో కనబడుతుంది. నల్లని దేహం, కడుపు ముందు భాగాన నారింజ పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగ ఇందులో వందల సంఖ్యలో ఉంటుంది. వెస్పా అఫినిస్ అని దాని శాస్త్రనామం. ఇటువంటి గూటి జోలికి ఇంటివారు పోనేకూడదు. రాయి వేయడం, పొగ పెట్టడం, కాగడా అంటించడం, ద్వారానికి సిమెంటు మెత్తడం, వీటిలో ఏది చేసినా ఒకటే ఫలితం. ఒక కందిరీగ నలిగినప్పుడు వెలువడే వాసన మిగతావాటికి యుద్ధభేరి వంటిది. కాగడా పెట్టినవాడు పరుగెత్తి తప్పించుకుంటాడు. పరుగెత్తలేని అవ్వ, ఊయలలోని బిడ్డ, కట్టివేసిన ఆవు దెబ్బ తింటారు. మొదట చెప్పిన ఇంట జరిగినది అదే.

నీటి ట్యాంకుల అడుగున, ఎత్తైన భవనాల చూరులకు, గుడి గోపురాలకు వేలాడే పెద్ద తేనెపట్టు సంగతి వేరు. అది కొండ తేనెటీగది. కాలాన్ని బట్టి వలసపోయే జాతి కనుక కొన్ని నెలలకు తానే లేచిపోవచ్చు. అంతవరకూ ఆ వైపు కిటికీలు మూసి ఉంచి, రాత్రివేళ ఆ వైపు బలమైన దీపం వెలిగించకుండా ఉండాలి.

కుట్టినప్పుడు

మొదటి పని అక్కడినుండి దూరంగా, వీలైతే తలుపులున్న గదిలోకి పోవడం. చేతులు విసరకూడదు. నీటిలోకి దూకకూడదు; అవి పైన కాచుకుని ఉండగలవు. తేనెటీగ తన ముల్లును చర్మంలోనే వదిలిపోతుంది, దానిని గోటితోనో కార్డు అంచుతోనో ఆలస్యం లేకుండా గీకి తీసివేయాలి. కందిరీగ ముల్లు వదలదు, కనుక ఒక్కటే పదే పదే కుట్టగలదు. కుట్టిన చోటును సబ్బునీటితో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్క పెట్టాలి. చేతికి కుడితే వాపు రాకమునుపే ఉంగరాలు, గాజులు తీసివేయాలి. సున్నం, ఇనుప ముక్కతో రుద్దడం, కిరోసిను పూయడం మన ఇళ్లలో పరంపరగా వస్తున్న వైద్యాలు. వీటివలన విషం దిగదు. పసిపిల్లల చర్మం కాలడం, పుండు పడడం మాత్రం జరుగుతుంది.

ఊపిరి ఆడకపోవడం, నాలుకో పెదవులో ముఖమో ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం, వాంతి, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయాలి. కొందరికి ఒక్క కాటుతోనే ఇలా అవుతుంది. దానికి ఆసుపత్రిలో ఇచ్చే అడ్రినలిన్ సూదిమందు నిమిషాల్లో పడవలసినది. గొంతులో, నోటిలో కుట్టినా అంతే తొందర. మరొక సంగతి చాలామందికి తెలియదు. పెద్ద కందిరీగలు ఎక్కువ చోట్ల కుట్టినవారు మొదటి రోజున బాగానే కనబడవచ్చు. విషం కండరాలనూ మూత్రపిండాలనూ దెబ్బతీసే ప్రమాదం ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది. మూత్రం టీ కషాయం రంగుకు మారినా, తగ్గిపోయినా అది హెచ్చరిక. కనుక అనేక కాట్లు పడినవారిని, నొప్పి తగ్గినదన్న కారణంతో ఇంట ఉంచక, ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్ష చేయించాలి.

మన పక్షాన ఉన్న పరాన్నజీవులు

కందిరీగలలో అధిక సంఖ్య మనిషిని కుట్టనివే అంటే ఆశ్చర్యం కలుగవచ్చు. ఇవి ఇతర కీటకాల మీద బతికే పరాన్నజీవులు. వంటింట ఒక నల్లని పురుగు చిన్న కడుపును జెండాలా పైకీ కిందికీ ఆడిస్తూ గోడమీద నడుస్తుంటే చెప్పు తీయకండి. అది బొద్దింక గుడ్లసంచిలో తన గుడ్డు పెట్టే జాతి. దాని పిల్ల ఆ సంచిలోని గుడ్లను తినివేస్తుంది. ఆ పురుగు ఇంట తిరుగుతున్నదంటే బొద్దింకలు ఎక్కడో దాగి ఉన్నాయని కూడా అర్థం.

దీనికి మన కోయంబత్తూరే సాక్ష్యం. 2008లో బొప్పాయి పిండినల్లి భారతదేశంలో తొలిసారిగా ఈ నగర పరిసరాలలోనే కనబడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను తెల్లని దూదిలా కప్పివేసింది. రైతులు ఎన్ని మందులు చల్లినా మైనపు పొర కింద అది చెక్కుచెదరలేదు. 2010లో ప్యూర్టోరికో నుండి అసిరోఫేగస్ పపాయే అనే, చీమ తలకన్నా పెద్దది కాని కందిరీగను దేశానికి రప్పించి, పెంచి, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ద్వారా తోటల్లో వదిలారు. అది పిండినల్లి దేహంలోనే గుడ్డు పెట్టి పెరిగే జీవి. తెగులు కొద్ది కాలంలోనే అదుపులోకి వచ్చింది. పెరటి బొప్పాయి ఆకు వెనుక తెల్లదనం కనబడగానే ఘాటైన మందు కొట్టేవారు, ఈ కంటికానని సహాయకులను కూడా చంపుతున్నామని ఎరుగవలెను. ముందు నీటిధారతో కడిగి చూడండి.

రక్తం పీల్చేవి

నల్లుల పేరెత్తితేనే ఇరుగుపొరుగు ముఖం చిట్లిస్తారని దాచిపెట్టుకునే కుటుంబాలు ఎన్నో. నల్లి మురికివల్ల పుట్టదు. రైలు బెర్తులో, హాస్టలు మంచంలో, సెకండ్‌హాండ్ సోఫాలో, సంచి అతుకులో కూర్చుని వస్తుంది. ఇల్లు మారుతూ ఉండే వలస కుటుంబాలకు ఈ బెడద అధికం. తమిళంలో మూట్టైప్పూచ్చి అంటారు. మంచం కీళ్లలో, పరుపు కుట్లలో, గోడ పగుళ్లలో నల్లని చుక్కల మరకలు దాని జాడ. అది రోగాలను వ్యాపింపజేస్తుందని నిర్ధారణ కాలేదు. నిద్రను మాత్రం నాశనం చేస్తుంది. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కనుక ఇల్లు కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే పోతుందనుకోరాదు.

పూర్వం ఇనుప మంచాల కీళ్లలో, నులక మంచాల అల్లికలో సలసల కాగే నీళ్లు పోసేవారు. అది శాస్త్రసమ్మతమే, ఎందుకంటే నల్లి వేడికి ఓర్వలేదు. దుప్పట్లు, దిండు గలీబులు బాగా వేడి నీటిలో నానబెట్టి ఉతకాలి. పరుపును ఊరకే ఎండలో వేస్తే లోపలి వరకు వేడి చేరదు, అవి నీడవైపుకు జరుగుతాయి. చిన్న సామానును నల్లని ప్లాస్టిక్ సంచిలో బిగించి మండుటెండలో ఉంచడం మెరుగు. మదురై వేసవిలో ఇది సాగినంత సులువుగా కోయంబత్తూరు మబ్బు రోజులలో సాగదు. పగుళ్లు పూడ్చి, మంచాన్ని గోడకు దూరంగా జరిపి ఉంచాలి. మందు కొట్టించినా, వారం పది రోజులకు గుడ్లు పగిలి మళ్లీ పిల్లలు వస్తాయి కనుక రెండు వారాలకు రెండవ విడత తప్పనిసరి.

ఇక్కడ ఒక్క మాట కఠినంగానే చెప్పవలసి ఉన్నది. ఊరినుండి తెచ్చిన పొలం మందును, ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను నల్లులకో ఎలుకలకో ఇంట వాడేవారున్నారు. ఆ బిళ్ల తేమ తగలగానే ఫాస్ఫీను అనే విషవాయువు వదులుతుంది. నిపుణుల పర్యవేక్షణలో తప్ప దానిని వాడరాదన్నది నిబంధన. 2024 నవంబరులో చెన్నై దాపునున్న కుండ్రత్తూరులో ఒక ఇంట ఎలుకల మందు ఉంచిన తరువాత ఏసీ గదిలో నిద్రించిన ఇద్దరు పసిపిల్లలు మరణించారు. తలుపులు మూసిన గదిలో ఏ మందూ ఉంచి నిద్రపోవద్దు. ఎవరినైనా పిలిచి పని చేయించితే, వాడిన మందు పేరు కాగితం మీద వ్రాయించుకుని, ఎంతసేపు బయట ఉండవలెనో అడిగి, అంతసేపూ బయటే ఉండండి.

పేల సంగతి తమిళ పొరుగువారితో చెప్పుకోవడం సులువు. పేను వారికీ పేన్, ఈరు వారికీ ఈర్. బడిపిల్లల తలల్లో పేలుంటే సిగ్గుపడవలసినది లేదు, తలకు తల తగిలితే వస్తాయి. తడిజుట్టును పేల దువ్వెనతో ఓపికగా దువ్వడం, వైద్యుడు చెప్పిన పెర్మెత్రిన్ మందు రాసి, ఎనిమిది పది రోజులకు మరొకసారి రాయడం సరిపోతుంది. ఇంట అందరికీ ఒకేసారి చూడాలి. తలకు కిరోసిను పూసి పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లలు కాలిపోయిన ఉదంతాలు ఉన్నాయి, ఆ పని వద్దు.

కుక్కల చెవుల్లోని గోమార్లను పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, వేళ్లతో చిదమరాదు. తమిళంలో వీటిని ఉణ్ణి అంటారు. వీటికన్నా చిన్నది, పొదల్లో గడ్డిలో ఉండే ఒక సూక్ష్మమైన నల్లి పిల్ల మనిషిని కరిస్తే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. తమిళనాడులో ఇది అరుదేమీ కాదు. జ్వరం తగ్గకుండా ఉండి, చంకలోనో గజ్జలోనో నడుము మడతలోనో సిగరెట్టు కాలినట్టుండే నల్లని పొక్కు కనబడితే దానిని వైద్యునికి తప్పక చూపించాలి. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి సామాన్యమైన మందుకే లొంగుతుంది. గుర్తించకపోతే ప్రాణాపాయం. ఖాళీ స్థలంలో పని చేసే కూలీలు, ఇంటి పక్క పొదలలో ఆడే పిల్లలు సాయంత్రం స్నానం చేసేటప్పుడు ఒళ్లు చూసుకోవడం మంచిది.

దోమల గురించి ఈ పుస్తికలో మరొక వ్యాసమున్నది కనుక ఒక్కటే చెబుతాను. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చే వరకు సుమారు వారం పది రోజులు. వారానికొక రోజు తొట్లు, డ్రమ్ములు బోర్లించి, గోడలు రుద్ది కడిగితే ఆ చక్రం తెగుతుంది. నీరు కొన్ని రోజులకొకసారి వచ్చే వీధులలో ఇది బాధాకరమైన సలహా అని నాకు తెలుసు. కనీసం గుడ్డ కట్టి మూయండి. ఇంటికి వచ్చి నీటి తొట్లు చూడగోరే నగరపాలక సంస్థ కార్మికులను గుమ్మంలోనే నిలిపివేయవద్దు. వారిలో తెలుగు ఇంటివారు కూడా ఉండవచ్చు. మీరు "దోమ" అన్నా, "కొసు" అన్నా వారికి తెలుస్తుంది.